స్టీరింగు మీద నక్షత్రం, డ్యాష్‌బోర్డు మీద సింహాలు

ప్రశ్న: వకీలు గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు కలిసొచ్చిన ఏడాది, అంటే రెండేళ్ళ కిందట, ఎనిమిది లక్షలు పెట్టి కొత్త కారు కొన్నాం. ఈ మధ్య ఒక యాక్సెసరీస్ షాపులో లోపలంతా ముస్తాబు చేయించాను. స్టీరింగు మధ్యలో తళుకు రాళ్ళు పొదిగిన బెంజ్ నక్షత్రం బిళ్ళ అంటించారు. గేరు రాడ్డు మీద ఒకటి, డోర్ ప్యాడ్ల మీద నాలుగు చిన్నవి. కారు మాత్రం బెంజ్ కాదండి. మొన్న రావులపాలెం దగ్గర తనిఖీలో ఒక పోలీసాయన లోపలికి తొంగి చూసి, ‘కారు ఆల్టర్ చేశారు, ఐదు వేలు ఫైను పడుద్ది’ అన్నారు. చలానా మాత్రం రాయలేదు. ఆ తర్వాత హారన్ సరిగా మోగడం లేదు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు. సర్వీసుకి తీసుకెళ్తే బిళ్ళ చూపించి వారంటీ లేదన్నారు. ఏసీ చల్లబడడం లేదంటే దానికీ అదే మాట. సర్పంచిగా ఉన్న మా బావగారు తన కారులో మూడు సింహాల బిళ్ళ పెట్టించుకుంటానంటున్నారు. మా తమ్ముడేమో ఈ బిళ్ళలు హోల్‌సేల్‌గా తెచ్చి షాపు పెడతానంటున్నాడు. ఇందులో ఏది తప్పో ఏది కాదో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: సెక్షన్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ స్టీరింగు మీది బిళ్ళ తీయించండి. మీరే స్క్రూడ్రైవరు పెట్టి పీకకండి, సర్వీసు వాళ్ళ చేత తీయించండి. గేరు రాడ్డు మీదదీ, తలుపుల మీదవీ మీ ఇష్టం. స్టీరింగుది మాత్రం ఉండకూడదు.

మన దేశంలో 2019 జూలై నుంచి తయారయ్యే ప్రతి కారుకీ డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ ఉండాలి. అది స్టీరింగు మధ్యలో, మీరు నక్షత్రం అంటించిన ఆ మూత కిందే మడిచి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు సెకనులో పదో వంతు కూడా గడవక ముందే ఆ మూతను చీల్చుకుని మీ ముఖం వైపు ఉబ్బుతుంది. దాని మీద గమ్ముతో అంటించిన లోహపు బిళ్ళ ఉంటే అది ఎటు ఎగురుతుందో వేరే చెప్పాలా? అమెరికాలో ఇలాగే రాళ్ళు పొదిగిన బిళ్ళ ఊడి ముఖానికి తగిలి ఒక డ్రైవరుకి ఒక కన్ను పోయింది. 2023 మార్చిలో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇలాంటి స్టీరింగు బిళ్ళలు కొనొద్దని, ఉంటే తీసేయమని హెచ్చరిక ఇచ్చింది. పైగా మన కోనసీమ ఉక్కపోత సంగతి మీకు తెలియనిది కాదు. ఎండలో అద్దాలు మూసి ఆపిన కారులో డబుల్ సైడ్ టేపు జిగురు కారి, ఆ మూత సందుల్లోకి దిగుతుంది. చాలా కార్లలో హారన్ నొక్కేదీ ఆ మూతనే. మీ హారన్ జబ్బుకి మూలం అదే కావచ్చు.

ఇక పోలీసాయన మాట. ఆయన చెప్పిన ఐదు వేలు ఊరికే పుట్టిన అంకె కాదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగంలో ఉంది. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా రెండూ. మీ ఆరు బిళ్ళలకి ముప్పై వేలా అని కంగారు పడకండి. ‘మార్పు’ అంటే ఏమిటో అదే చట్టం 52వ సెక్షన్ కింద వివరణలో ఉంది: బండి నిర్మాణంలో చేసిన మార్పు, దాని వల్ల బండి మౌలిక స్వభావమే మారాలి. ఇంజను మార్చడం, ఛాసిస్ పొడిగించడం, ఆర్టీఓ అనుమతి లేకుండా గ్యాస్ కిట్టు పెట్టించడం అలాంటివి. ఆర్సీ తీసి చూడండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీట్లు, బరువు, రంగు ఉంటాయి. తలుపు లోపల అంటించిన నక్షత్రం వల్ల వీటిలో ఏదీ మారలేదు. కేరళ నుంచి వెళ్ళిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని గట్టిగా చెప్పింది. ఆ తీర్పు వార్త సగం చదివినవాళ్ళు స్టిక్కరు అంటించినా నేరమే అనుకుంటున్నారు. అది ఆ తీర్పులో లేని మాట.

అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించి ఉంటే మాత్రం పోలీసాయన వైపే న్యాయం ఉండేది. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది. ఎవరైనా మీ మీద చలానా రాస్తే ముందు దాని మీద ఏ సెక్షన్ వేశారో చూడండి. 182ఎ వేసి, కారణం లోపలి స్టిక్కర్లని రాస్తే డబ్బు కట్టేసి ఇంటికి రావద్దు. కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే. కోర్టులో వాదించుకోవచ్చు.

వారంటీ దగ్గర మీది సగం గెలుపు, సగం ఓటమి. కంపెనీది కాని విడిభాగం వల్ల కలిగిన చెడుకి తాము బాధ్యులం కామని వారంటీ పుస్తకంలో రాసుకుంటారు, అది చెల్లుతుంది. కానీ ‘వల్ల’ అన్న మాటే అందులో ప్రాణం. హారన్, ఎయిర్‌బ్యాగ్ లైటు విషయంలో బిళ్ళకీ చెడుకీ చుట్టరికం కనిపిస్తోంది కాబట్టి అక్కడ మీ పక్షం బలహీనం. ఏసీ చల్లబడకపోవడానికీ స్టీరింగు మీది నక్షత్రానికీ ఏం సంబంధం? అది చెప్పకుండా వారంటీ నిరాకరిస్తే సేవాలోపం కిందికి వస్తుంది. సర్వీసు సెంటర్లో నోటి మాటతో సరిపెట్టుకోకండి. ఏ భాగానికి, ఏ కారణంతో నిరాకరిస్తున్నారో జాబ్ కార్డు మీద, అంటే బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు వాళ్ళు రాసే కాగితం మీద రాయించండి, ‘మేం రాయం’ అంటే ఈమెయిల్ పంపి జవాబు అడగండి. బిళ్ళ తీయించే ముందు, తీసిన తర్వాత ఫోటోలు తీసుకోండి. ఆ బిళ్ళని పారేయకుండా కవర్లో పెట్టి దాచండి, రేపు నిపుణుడి పరీక్షకి అదే సాక్ష్యం.

అప్పటికీ దారికి రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కారు ఎక్కడ కొన్నా, మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షలు దాటి పది లక్షల లోపైతే ఫీజు రెండు వందలు. వారంటీ నిరాకరించిన రోజు నుంచి రెండేళ్ళలోపు వేయాలి. వకీలు ఉండి తీరాలన్న నియమం లేదు. ఈ మాట రాస్తే మా బార్‌లో నన్ను కోప్పడతారు గానీ, నిజం అదే.

మీరు అడగలేదు గానీ ఇన్సూరెన్స్ సంగతి ఒక్క మాట. బిళ్ళలు ఉన్నాయన్న ఒక్క కారణంతో క్లెయిము మొత్తం కొట్టేయడం నిలబడదు. అయితే విడిగా పెట్టించిన అలంకారాల ఖరీదు పాలసీలో చూపించకపోతే వాటి డబ్బు మాత్రం రాదు.

ఇప్పుడు మీ బావగారి సింహాలు. అవి మూడు కావు, నాలుగు. సారనాథ్ అశోక స్తంభం మీద నాలుగోది వెనక ఉంటుంది, బొమ్మలో కనపడదు. 1950 జనవరి 26న అది మన దేశ చిహ్నమైంది. దీని దుర్వినియోగాన్ని ఆపడానికి 2005లో ప్రత్యేకంగా ఒక చట్టం, 2007లో నియమాలు వచ్చాయి. ప్రభుత్వానికి సంబంధించినదన్న భావన కలిగేలా ఆ చిహ్నాన్నిగానీ, దాన్ని పోలినదాన్నిగానీ ‘ఏ విధంగానూ’ వాడకూడదు. కారు బయటా లోపలా అన్న తేడా చట్టం చూపలేదు. అద్దంలోంచి బయటికి కనిపించేలా డ్యాష్‌బోర్డు మీద పెట్టేదే టోల్‌గేటు దగ్గరో తనిఖీలోనో కనపడాలని కదా! కార్ల మీద దాన్ని వాడుకోగలవాళ్ళ జాబితా నియమాల్లో ఉంది. రాష్ట్రపతి, గవర్నర్ల వంటివాళ్ళు అందులో ఉన్నారు. సర్పంచి లేరు. శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే ఆరు నెలలకు తక్కువ కాని జైలు.

బావగారు నొచ్చుకోకుండా చెప్పడం మీ పని. సర్పంచి అని తెలుగులో పేరు రాయించుకుంటే అది నిజమే కాబట్టి గొడవ లేదు. ఆ బోర్డు చూపించి టోలు కట్టనంటే మాత్రం నేనేం చేయలేను. ఇక ‘పోలీస్’ అని లేని హోదా పెట్టుకుని ఆ పేరుతో పని సాధించుకుంటే భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద ఆరు నెలలకి తగ్గని, మూడేళ్ళ దాకా జైలు. మా వకీళ్ళు మెడకి కట్టుకునే తెల్ల బ్యాండు గుర్తు మా గుమాస్తాల బామ్మర్దుల కార్లలో కూడా కనిపిస్తోందన్న సంగతి నాకు తెలుసు. దాని గురించి మా సంఘంలోనే మాట్లాడుకోవాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది మీ తమ్ముడు. మీరు మీ చిన్నకారులో బెంజ్ నక్షత్రం పెట్టుకుంటే మిమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు గానీ కేసు పెట్టడం కష్టం. ట్రేడ్‌మార్కుల చట్టం 29వ సెక్షన్ వ్యాపారంలో వాడకాన్ని పట్టుకుంటుంది. సొంత ముచ్చటకి అంటించుకోవడం వ్యాపారం కాదు. రేపు ఆ కారు అమ్మేటప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నక్షత్రం చూసి ఎవరూ మోసపోరు, కానీ లోపల టాప్ మోడల్ బ్యాడ్జీ అంటించి మామూలు మోడల్‌ని టాప్ ధరకి అంటగడితే అది ట్రేడ్‌మార్కు గొడవ కాదు, మోసం. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్, జైలు ఏడేళ్ళ దాకా పోతుంది. భీమవరం, తణుకు సెకండ్ హ్యాండ్ బేరాల్లో ఈ బ్యాడ్జీల గొడవ నా దగ్గరికి ఒకటికి రెండుసార్లు వచ్చింది.

తమ్ముడు చేయబోయేది మాత్రం అచ్చమైన వ్యాపారమే. బెంజ్, బీఎండబ్ల్యూ, టయోటా గుర్తులన్నీ రిజిస్టరైన ట్రేడ్‌మార్కులు. వాళ్ళ అనుమతి లేకుండా ఆ గుర్తు వేసిన బిళ్ళ తయారుచేస్తే ట్రేడ్‌మార్కుల చట్టం 103, అమ్మితే 104 సెక్షన్. రెండింటికీ ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, యాభై వేలకు తగ్గకుండా రెండు లక్షల దాకా జరిమానా. పెట్టె మీద ‘డూప్లికేట్’ అని రాసి అమ్మితే తప్పించుకోవచ్చని హోల్‌సేల్ బేరగాళ్ళు చెబుతారు. నమ్మొద్దు. అది తెలిసే అమ్మానని రాసిచ్చినట్టు అవుతుంది.

తెలియక అమ్మినవాడికి 104లోనే ఒక దారి ఉంచారు. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ, సరుకు నకిలీదని అనుమానించే కారణం లేదనీ నిరూపించాలి. ఎవరి దగ్గర కొన్నాడో అడిగినప్పుడు పూర్తి వివరాలు ఇవ్వాలి. కాబట్టి జీఎస్టీ బిల్లు లేకుండా సంచుల్లో వచ్చిన సరుకు షాపులోకి రానివ్వకూడదు. ప్యాకెట్టు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉండాలని 2011 ప్యాకేజీ సరుకుల నియమాలు కూడా చెబుతున్నాయి. ఆ పేరు లేకపోతే ఇంకో ఇరకాటం ఉంది. బిళ్ళ ఎగిరి ఎవరి కన్నో పోతే, తయారీదారు ఎవరో తెలియని సరుకుకి అమ్మినవాడే బాధ్యుడని వినియోగదారుల చట్టం 86వ సెక్షన్ చెబుతోంది. స్టీరింగుకి పెట్టే బిళ్ళలు మీ తమ్ముడు అసలు తేకపోవడమే మేలు.

పోలీసులు వస్తే భయపడి షట్టరు దించాల్సిన పని లేదు. ఆ 103, 104 సెక్షన్ల కింద వారంటు లేకుండా సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీకి తగ్గని అధికారి ఉండాలి, అదీ ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రారు అభిప్రాయం తీసుకున్నాకే. పట్టుకున్న సరుకు మీద హక్కుందనుకునేవాడు పదిహేను రోజుల్లో మేజిస్ట్రేటుని అడగవచ్చు. కానీ కంపెనీ ఎంచుకునే దారి ఎక్కువగా సివిల్ దావా. అది అమలాపురంలోనే వేయాలని లేదు, కొన్ని షరతులకు లోబడి కంపెనీ తన ఆఫీసున్న చోట కూడా వేసుకోవచ్చు. రెండు వేల రూపాయల సరుకు కోసం ఢిల్లీకి వాయిదాలకి తిరగడం ఎలా ఉంటుందో ఆలోచించమనండి.

అలాగని షాపు మానేయమనడం లేదు. కంపెనీ అనుమతితో తయారైన అసలు సరుకు బిల్లుతో కొని అమ్మితే ట్రేడ్‌మార్కుల చట్టం 30వ సెక్షన్ కాపాడుతుంది. తన సొంత డిజైను బిళ్ళ మీద కాకుండా, ప్యాకెట్టు మీద ‘ఫలానా మోడల్ కారుకి సరిపోతుంది’ అని మామూలు అక్షరాల్లో రాసుకోవడానికీ అదే సెక్షన్ వీలిస్తుంది. మన వైపు వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు తిరిగేవాళ్ళు, కొత్త కారుకి అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేయించేవాళ్ళు ఎంతమంది! నామాలు, శంఖచక్రాలు, వినాయకుడు, ఇంటిపేరు, పిల్లల పేర్ల మొదటి అక్షరాలు, కొబ్బరాకు చెక్కిన చెక్క బిళ్ళలు, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. హీరోల ఫోటోలు మాత్రం వద్దు, ఒకరి ముఖంతో వ్యాపారం చేయడం ఈ మధ్య కోర్టుల దాకా వెళ్తోంది. మన రాష్ట్ర ముద్ర పూర్ణఘటం కూడా అమ్మకపు సరుకు మీద వేయకూడదు, దానికి 1950 నాటి చిహ్నాల చట్టం అడ్డం.

సొంత డిజైను, షాపు పేరు ఖాయమయ్యాక ట్రేడ్‌మార్కుకి దరఖాస్తు చేసుకోమనండి. మన రాష్ట్రానికి చెన్నై రిజిస్ట్రీ. ఆన్‌లైన్‌లో పేరు వెతికి చూడడానికి డబ్బు అక్కర్లేదు. మీరు మాత్రం సర్వీసు సెంటరు రాతపూర్వక జవాబు, కారు బిల్లు, వారంటీ పుస్తకం, బిళ్ళ కొన్న రసీదు, ఫోటోలు ఒక ఫైల్లో పెట్టుకుని ఏసీ సంగతి ముందు తేల్చుకోండి.