ఎడిసన్ నుంచి ఫ్రిస్కోకి ఇల్లు మారుతున్నాం, ఆఫీసు మాత్రం మన్‌హాటన్‌దే: ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: నాది హెచ్-1బి, ఆఫీసు మన్‌హాటన్‌లో. న్యూజెర్సీ ఎడిసన్‌లో అద్దెకుంటున్నాం. ఇక ఇంటి నుంచే పని చేసుకోమని, మూడు నెలలకోసారి ఆఫీసులో కనిపిస్తే చాలని మేనేజర్ అన్నారు. ఆగస్టు 31తో లీజు అయిపోతుంది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా బావగారి ఇంటి దగ్గర అపార్ట్‌మెంట్ చూశాం. మా ఆవిడ హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వాళ్ళ భార్య/భర్తకి ఇచ్చే పని అనుమతి కార్డు) మీద న్యూజెర్సీ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తోంది. పాపని కిండర్‌గార్టెన్‌లో వేయాలి. టెక్సాస్‌లో స్టేట్ ట్యాక్స్ లేదు కాబట్టి ఆ డబ్బూ మిగులుతుందనుకుంటున్నాం. ఇబ్బందులు ఎక్కడ వస్తాయి?

జవాబు:

మేనేజర్ సరేనన్నారు, మంచిదే. కానీ మీ వీసా చూసేది లాయరు, జీతంలో పన్ను కోసేది పేరోల్ వాళ్ళు. వాళ్ళిద్దరికీ ఈ సంగతి ఇంకా తెలియదు. అపార్ట్‌మెంట్‌కి అప్లికేషన్ ఫీజు కట్టకముందే హెచ్‌ఆర్‌కీ, కంపెనీ ఇమిగ్రేషన్ లాయరుకీ కలిపి ఒక మెయిల్ పెట్టండి. అందులో మూడే అడగండి: టెక్సాస్‌లో పేరోల్ నడపడానికి కంపెనీ రిజిస్టర్ అయి ఉందా? నా హెచ్-1బి అమెండ్‌మెంట్ (పనిచేసే చోటు మారిందని వేసే సవరణ పిటిషన్) ఎప్పుడు ఫైల్ చేస్తారు? పన్ను లెక్కకి నా ఆఫీసు ఏదని రాసుకుంటారు? ఈ మూడింటికీ రాతలో జవాబు వచ్చాకే లీజు మీద సంతకం పెట్టండి. చాలామంది ముందు లీజు రాసేసి, తర్వాత లాయరుకి ఫోన్ చేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందు వీసా సంగతి. మీ ఎల్‌సీఏ (పనిచేసే చోటు, జీతం చెబుతూ కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి పెట్టే దరఖాస్తు) మన్‌హాటన్ అడ్రసు మీద ఉంటుంది. మన్‌హాటన్, ఎడిసన్ రెండూ ఒకే మెట్రో ప్రాంతం కిందకి వస్తాయి కాబట్టి ఇన్నాళ్ళూ ఎడిసన్ ఇంట్లో కూర్చుని పని చేసినా కొత్త పిటిషన్ అవసరం రాలేదు. ఫ్రిస్కో డాలస్ మెట్రో. మెట్రో దాటి పనిచేసే చోటు మారితే కొత్త ఎల్‌సీఏ, దానితో పాటు అమెండెడ్ ఐ-129 (హెచ్-1బి పిటిషన్ ఫారం) వేయాలని 2015 ఏప్రిల్‌లో సిమియో సొల్యూషన్స్ కేసులో తేల్చేశారు. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్-1బి నిబంధనల్లో ఆ మాటే చేర్చారు. ఇంట్లో పనిచేస్తే ఇల్లే వర్క్‌సైట్. తనిఖీకి వచ్చేవాళ్ళు ఇంటికి కూడా రావచ్చని అవే నిబంధనలు చెబుతున్నాయి.

వరస ఇలా ఉంటుంది. లాయరు ఫ్రిస్కో అడ్రసుతో ఎల్‌సీఏ వేస్తారు. లేబర్ డిపార్ట్‌మెంట్ దాన్ని సర్టిఫై చేయడానికి 7 పనిదినాలు పడుతుంది. ఎల్‌సీఏ నోటీసు వర్క్‌సైట్‌లో రెండు చోట్ల 10 రోజుల పాటు అంటించి ఉంచాలి. కంపెనీ ఎలక్ట్రానిక్‌గా నోటీసు ఇవ్వకపోతే ఆ పని మీ మీదే పడుతుంది: ఒక కాపీ ఫ్రిజ్ తలుపు మీద, ఇంకోటి మీరు కూర్చునే డెస్క్ పైన గోడకి. నవ్వొస్తుంది కానీ పెట్టిన తేదీ, తీసిన తేదీ రాసి సంతకం చేసి లాయరుకి పంపితే అది కంపెనీ ఫైల్లోకి వెళ్తుంది. ఆ తర్వాత ఐ-129. అప్రూవల్ దాకా ఆగక్కర్లేదు. పిటిషన్ ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి చేరాక ఫ్రిస్కోలో పని మొదలుపెట్టవచ్చు. రసీదు నోటీసు చేతిలోకి వచ్చాక లాగిన్ అవడం నయం. మీ ఐ-94 (ఇక్కడ ఎంతవరకు ఉండవచ్చో చెప్పే రికార్డు) ఇంకో ఆరు నెలల్లో అయిపోతుంటే అమెండ్‌మెంట్‌నీ ఎక్స్‌టెన్షన్‌నీ ఒకే ఫైలింగ్‌లో కలిపేయమనండి. ఫైలింగ్ ఖర్చు, లాయరు ఫీజు కంపెనీ పెట్టుకోవాల్సినవి, మిమ్మల్ని కట్టమంటే ఎందుకని అడగండి.

ఎల్‌సీఏ అడ్రసులో అపార్ట్‌మెంట్ నంబరు కూడా ఉండాలి. అందుకే అపార్ట్‌మెంట్ ఖాయం కాకుండా ఎల్‌సీఏ వేయలేరు, హెచ్‌ఆర్ ఒప్పుకోకుండా అపార్ట్‌మెంట్ తీసుకోలేరు. ఈ ముడి విప్పాలంటే జూన్‌లో రాతపూర్వక అనుమతి, జూలై మొదట్లో లీజు, అదే వారం ఎల్‌సీఏ, నెలాఖరుకి ఐ-129. అప్పుడు ఆగస్టు చివర సామాను ఎక్కించవచ్చు.

"అమెండ్‌మెంట్ ఎందుకు, ఎడిసన్‌లో స్నేహితుడి అడ్రసు ఉంచేద్దాం" అనే సలహా మీకు ఈ పాటికే ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. వినకండి. ఎక్స్‌టెన్షన్ వేసినప్పుడు పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను కాగితాలు) వెళ్తాయి. పేరోల్‌లో ఫ్రిస్కో ఉండి ఎల్‌సీఏలో మన్‌హాటన్ ఉంటే ఆఫీసరుకి పట్టుకోవడం ఎంతసేపు? పేరోల్‌లోనూ ఎడిసన్ అనే ఉంచితే మీరు అక్కడ లేకుండానే న్యూజెర్సీకి పన్ను కడుతుంటారు, పైగా టెక్సాస్ లైసెన్సు ఆ కథని కాదంటుంది.

ఎల్‌సీఏలో ఆ ప్రాంతానికి కనీస జీతం ఉంటుంది. ఊరు మారితే జీతం తగ్గించే కంపెనీలున్నాయి. తగ్గించినా డాలస్ ప్రాంతంలో మీ ఉద్యోగానికీ, మీ లెవెల్‌కీ ఉన్న ప్రివైలింగ్ వేజ్ కంటే కిందకి దించకూడదు. ఆ అంకె లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్లో మీరే చూసుకోవచ్చు.

గ్రీన్‌కార్డు ఏ దశలో ఉందో మీరు రాయలేదు. పెర్మ్ (గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టైన లేబర్ సర్టిఫికేషన్) ఇప్పుడు నడుస్తుంటే మాత్రం జాగ్రత్త: వేజ్ డిటర్మినేషన్, ప్రకటనలు మన్‌హాటన్ ఉద్యోగానికి జరిగి ఉంటే, టెక్సాస్ ఉద్యోగానికి మళ్ళీ మొదటి నుంచి రావాల్సి ఉంటుంది. పెర్మ్ తర్వాతి మెట్టు ఐ-140 అప్రూవ్ అయి ఉంటే కంగారు తక్కువ. తర్వాత కొత్త పెర్మ్ వేసినా పాత ప్రయారిటీ డేట్ (క్యూలో మీ వంతు చెప్పే తేదీ) మీకే ఉంటుంది. మన ఇండియా క్యూలో ఆ తేదీయే ఆస్తి.

ఇక మీరు మిగులుతుందనుకుంటున్న ట్యాక్స్. ఇక్కడే మీ లెక్క తప్పింది. న్యూయార్క్‌లో "కన్వీనియన్స్ ఆఫ్ ది ఎంప్లాయర్" అనే నియమం ఉంది. ఆఫీసు న్యూయార్క్‌లో ఉండి, మీరు మీ వీలు కోసం వేరే రాష్ట్రంలో ఇంట్లో కూర్చుని పని చేస్తే, ఆ రోజులన్నీ న్యూయార్క్‌లో పని చేసినట్టే లెక్క. మూడు నెలలకోసారి మన్‌హాటన్ వెళ్తానంటున్నారు కాబట్టి మీకు ఇది నేరుగా తగులుతుంది. దీని మీద ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ అనే లా ప్రొఫెసర్ న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి 2003లో ఓడిపోయారు.

ఇప్పుడు మీరు న్యూయార్క్‌కి పన్ను కడుతున్నారు, న్యూజెర్సీ దానికి క్రెడిట్ ఇస్తోంది. టెక్సాస్ వెళ్ళాక న్యూయార్క్ పన్ను అలాగే ఉంటుంది. టెక్సాస్‌లో ఇన్‌కమ్ ట్యాక్సే లేదు కాబట్టి క్రెడిట్ ఇచ్చేవాళ్ళూ ఉండరు. జీతం మీద మీకు మిగిలేది న్యూజెర్సీకి అదనంగా కట్టేదేమైనా ఉంటే అంతవరకే. బయటపడే దారి ఒకటుంది. కంపెనీకి డాలస్ ప్రాంతంలో నిజంగా ఆఫీసు ఉంటే, మిమ్మల్ని అధికారికంగా ఆ ఆఫీసుకి కేటాయించమని అడగడం. ఉత్తి మెయిల్ చాలదు, హెచ్‌ఆర్ రికార్డులో, పేరోల్‌లో, ఎల్‌సీఏలో ఒకే మాట ఉండాలి. మీ ఇంటినే కంపెనీ ఆఫీసుగా ఒప్పించడానికి న్యూయార్క్ పెట్టే పరీక్ష చాలా కఠినం, ఆ ఆశ పెట్టుకోకండి.

మీ ఆవిడ విషయం వేరు. ఆవిడ కంపెనీ న్యూజెర్సీది. న్యూజెర్సీ కూడా 2023లో ఇలాంటి నియమమే తెచ్చింది గానీ, అది అలాంటి నియమం ఉన్న రాష్ట్రాల్లో నివసించేవాళ్ళకే వర్తిస్తుంది. టెక్సాస్‌కి అది లేదు. కాబట్టి టెక్సాస్‌లో కూర్చుని చేసే పనికి ఆవిడ జీతంలో న్యూజెర్సీ కోత ఆగిపోవాలి. మీ ఇంట్లో ట్యాక్స్ మిగిలేది ఆవిడ వల్లే అన్నమాట. అయితే న్యూయార్క్ నాన్‌రెసిడెంట్ రిటర్న్ ఐటీ-203 ఇద్దరూ కలిపి వేస్తే, రేటు లెక్కకి ఆవిడ ఆదాయం కూడా కలుస్తుంది. ఆవిడ కంపెనీ కూడా టెక్సాస్‌లో అన్‌ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ ఖాతా తెరవాలి. చిన్న కంపెనీలు దీనికే వద్దంటాయి, ఆవిడ కూడా ముందే అడగాలి. హెచ్-4 ఈఏడీకి ఎల్‌సీఏ గొడవ లేదు.

ఆ ఏడాది న్యూజెర్సీకి ఇద్దరూ పార్ట్-ఇయర్ రెసిడెంట్లు. ఖాళీ చేసిన తేదీకి ఆధారాలు దాచండి: లీజు ముగింపు కాగితం, మూవర్స్ బిల్లు, కరెంటు ఆఖరి బిల్లు. ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) ఉంటే ఊరు మారాక వెస్ట్ అయినా (మీ చేతికొచ్చినా), గ్రాంట్ నుంచి వెస్ట్ దాకా ఎక్కడ ఎన్ని రోజులు పని చేశారన్న లెక్క పాత రాష్ట్రం అడుగుతుంది.

అడ్రసు మార్పు గురించి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మీ ఇద్దరికీ, పాప అమెరికా పౌరురాలు కాకపోతే తనకీ, విడివిడిగా ఏఆర్-11లు (యూఎస్‌సీఐఎస్‌కి ఇచ్చే అడ్రసు మార్పు ఫారం), దిగిన 10 రోజుల్లోపు, ఆన్‌లైన్లో. పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టాం కదా అనుకోవద్దు, యూఎస్‌సీఐఎస్ పంపే కార్డుల్ని పోస్టాఫీసు కొత్త అడ్రసుకి మళ్ళించదు, వెనక్కి పంపేస్తుంది. మీ ఆవిడ ఈఏడీ రెన్యువల్ పెండింగ్‌లో ఉంటే ఆ కేసులో అడ్రసు మారిందో లేదో విడిగా చూసుకోండి.

మూవర్స్. బ్రోకర్‌కి, అసలు ట్రక్కు నడిపే క్యారియర్‌కి తేడా ఉంది. ఫోన్లో తక్కువ రేటు చెప్పేది ఎక్కువగా బ్రోకరే. యూఎస్‌డాట్ నంబరు (రిజిస్ట్రేషన్ నంబరు) అడిగి, ట్రక్కు కంపెనీల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ సైట్లో కొట్టి చూడండి. ఎస్టిమేట్ నాన్-బైండింగ్ అయితే దించేటప్పుడు ఎస్టిమేట్‌లో 110 శాతానికి మించి కట్టించుకోకూడదు. బైండింగ్ అయితే అదే అంకె, కానీ వస్తువుల జాబితాలో లేనిది ఒక్కటి ఎక్కించినా కొత్త కాగితం ముందుకొస్తుంది. బీమా మాట అడగకపోతే తక్కువ ఖర్చుదైన రిలీజ్డ్ వాల్యూ మీద సంతకం పెట్టించుకుంటారు, అంటే పౌనుకి 60 సెంట్లు. 50 పౌన్ల టీవీ పగిలితే చేతిలో పెట్టేది 30 డాలర్లు. ఫుల్ వాల్యూ ప్రొటెక్షన్ తీసుకోండి. నష్టం క్లెయిమ్‌కి 9 నెలల గడువుంది, అయినా దించిన రోజే ఫొటోలు తీసి ఇన్వెంటరీ కాగితం మీద రాసి సంతకం పెట్టించండి.

సుమారు 1,500 మైళ్ళ దూరం. మీ సామాను ఒక్కటే ట్రక్కులో వెళ్ళదు కాబట్టి చేరే తేదీ ఒకటి చెప్పరు, ఒకటి నుంచి మూడు వారాల గడువు చెబుతారు. ఆఫీసు లాప్‌టాప్, మానిటర్, రౌటర్, పాస్‌పోర్టులు, ఐ-797లు (అప్రూవల్ నోటీసులు), పెళ్ళి సర్టిఫికెట్, బంగారం ట్రక్కులో వేయకండి. వెట్ గ్రైండర్ రాళ్ళు డ్రమ్ములోంచి తీసి విడిగా తువ్వాలులో చుట్టకపోతే, అది చేరేసరికి డ్రమ్ము సొట్టపోయి ఉంటుంది. ఆవకాయ జాడీ కారులోనే. కంపెనీ మూవింగ్ ఖర్చులిచ్చినా అది జీతం కిందే పన్ను పడుతుంది.

లీజు మీద సంతకానికి ముందు ఆ యూనిట్ నంబరుతో ఇంటర్నెట్ ప్రొవైడర్ సైట్లో చెక్ చేయండి. ఊళ్ళో ఫైబర్ ఉందంటే మీ బిల్డింగ్‌లో ఉన్నట్టు కాదు. ఎడిసన్ డిపాజిట్ ఖాళీ చేసిన 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, కొత్త అడ్రసు రాతలో ఇచ్చి వెళ్ళండి.

కారుకి టెక్సాస్‌లో వరస తప్పితే రెండోసారి తిరగాల్సిందే. ముందు టెక్సాస్ ఇన్సూరెన్స్, తర్వాత ఎమిషన్స్ టెస్ట్. మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ 2025 జనవరి నుంచి తీసేశారు గానీ ఫ్రిస్కో ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. ఆ తర్వాత కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో 130-యూ ఫారం (కారు టైటిల్, రిజిస్ట్రేషన్‌కి), కొత్తగా వచ్చినవాళ్ళకి కారుకి 90 డాలర్ల పన్ను. ఇదంతా దిగిన 30 రోజుల్లోపు. లోన్ ఉంటే టైటిల్ బ్యాంకు దగ్గరుంటుంది, ముందే వాళ్ళకి చెప్పండి. లైసెన్సుకి 90 రోజులు. దానికి వెళ్ళినప్పుడు కారు టెక్సాస్‌లో రిజిస్టర్ అయిన కాగితం అడుగుతారు, అందుకే కారు ముందు. లైసెన్సు ఇచ్చే డీపీఎస్ ఆఫీసులో అపాయింట్‌మెంట్లు చాలా రోజుల తర్వాతకి దొరుకుతాయి, ఎడిసన్‌లో ఉండగానే బుక్ చేయండి. మన కాగితాలు సేవ్ (ఇమిగ్రేషన్ స్టేటస్ సరిచూసే వ్యవస్థ) వెరిఫికేషన్‌కి వెళ్తే అక్కడికక్కడ తేలకపోవచ్చు. లైసెన్సు ఐ-94 తేదీ వరకే ఇస్తారు, అది దగ్గర పడి ఉంటే ఎక్స్‌టెన్షన్ అయ్యాక వెళ్ళడమే మేలు. న్యూజెర్సీ ప్లేట్లు వాపసు చేసేదాకా అక్కడి ఇన్సూరెన్స్ ఆపవద్దు. టోల్ కట్టే మీ ఈజీ-పాస్ అక్కడ పనికిరాదు, డాలస్ వాళ్ళ టోల్‌ట్యాగ్ తీసుకోవాలి.

టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబరు 1 నాటికి పాపకి అయిదేళ్ళు నిండి ఉండాలి. సెప్టెంబరులో పుట్టిన పిల్లలకి న్యూజెర్సీలో సీటు దొరికి టెక్సాస్‌లో దొరక్కపోవచ్చు. హెపటైటిస్ ఏ రెండు డోసులు అడుగుతారు, ఎడిసన్‌లో డాక్టరు దగ్గరుండగానే రికార్డు తీసుకోండి. స్కూలు మీ ఇంటి అడ్రసుని బట్టి, బావగారి అడ్రసు చెల్లదు. ఫ్రిస్కో అని రాసి ఉన్న అపార్ట్‌మెంట్లన్నీ ఫ్రిస్కో ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్) లోకి రావు కాబట్టి యూనిట్ అడ్రసుతోనే డిస్ట్రిక్ట్ సైట్లో చూడండి.

హెల్త్ ఇన్సూరెన్స్ న్యూజెర్సీ నెట్‌వర్క్‌దైతే డాలస్‌లో ఎమర్జెన్సీ తప్ప మిగతావి కవర్ కాకపోవచ్చు. ప్లాన్ మార్చుకోవడానికి కంపెనీలు మామూలుగా మారిన రోజు నుంచి 30 రోజులే ఇస్తాయి.