ఏసీ నీటికి గోడ బూజు పట్టినప్పుడు

చి॥ సౌ॥ అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పడకగదిలో ఏసీ కింద గోడకు నల్లటి మచ్చలు పట్టాయనీ, ఈ ఆదివారం పెయింటరును పిలిపించి రంగు వేయిస్తాననీ రాశావు. అతన్ని ఇప్పుడే రావద్దని చెప్పు. నీరు కారడం ఆగకుండా, గోడ ఆరకుండా వేసిన రంగు కొద్ది రోజులకే పొక్కులు లేచి పెచ్చులుగా ఊడిపోతుంది, లోపలి బూజు మళ్లీ పైకి వస్తుంది.

ఏసీ చల్లబరిచిన గాలిలోని తేమ లోపలి కాయిల్ మీద నీరుగా మారి, కింది ట్రేలోకి దిగి, డ్రెయిన్ పైపు గుండా బయటికి పోవాలి. మీ విశాఖలో ఉక్కపోత రోజున ఒకటిన్నర టన్నుల ఏసీ నుంచి గంటకు లీటరు నీరు రావడం వింత కాదు. పైపులో దుమ్ము, పాచి కలిసి జిగురులా పేరుకున్నా, పైపు వాలు సరిగా లేక మధ్యలో పైకి లేచినా, ట్రే నిండి ఆ నీరంతా గోడకే దిగుతుంది. మెయిన్ స్విచ్ కట్టేయించి, మెకానిక్ చేత ట్రేలో చెంబెడు నీళ్లు మెల్లగా పోయించి, బయట పైపు చివర ధారగా వస్తున్నాయో లేదో నీ కళ్లతో చూడు. అలా కాక, ఏసీ ఆపిన తరువాతే ఎక్కువగా కారుతుంటే కాయిల్ మీద మంచు గడ్డకట్టి కరుగుతోందని అనుమానించాలి. అందుకు ఫిల్టర్లు మూసుకుపోవడమో, గ్యాస్ తగ్గడమో కారణం కావచ్చు. గ్యాస్ వాడకం వల్ల అరిగిపోయేది కాదు కనుక, నింపుతానన్న మెకానిక్‌ను లీకు ఎక్కడుందో ముందు చూపించమను. ఈ ప్రశ్న వినగానే కొందరు మాట మార్చేస్తారు.

శుభ్రం చేసేటప్పుడు పిల్లలను, ముఖ్యంగా ఆయాసం ఉన్నవారిని, ఆ గదిలో ఉంచకు. ఎన్95 మాస్కు, రబ్బరు తొడుగులు వేసుకుని, ఫ్యాను ఆపి, డిటర్జెంటు నీటితో తడిపిన గుడ్డతో తుడువు. పొడిగా గీకితే ఆ బూజు రేణువులు ఇల్లంతా ఎగురుతాయి. బ్లీచింగు పైపైన నలుపును పోగొడుతుందే కానీ నానిన పుట్టీ లోపలికి అంతగా చేరదు. పైగా దానిని బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది కనుక రెండింటినీ ఒకేచోట వాడనే వాడవద్దు. మెత్తబడి వేలికి ఊడివచ్చే పుట్టీని తడిపి పూర్తిగా తీయించడమే మేలు. మచ్చ సుమారు పది చదరపు అడుగులు దాటితే నువ్వు పూనుకోకుండా తెలిసిన పనివారికి అప్పగించు.

ఆ తరువాత గోడను ఆరనివ్వాలి, అందరూ తొందరపడేది ఇక్కడే. వానాకాలంలో కిటికీలు తెరిస్తే బయటి తేమే లోపలికి వస్తుంది కాబట్టి, బాగుచేయించిన ఏసీని డ్రై మోడ్‌లో నడిపి, ఫ్యాను గాలి గోడకు తగిలేలా చూడు. చేతికి పొడిగా తగిలినంత మాత్రాన నమ్మవద్దు. జానెడు పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి మర్నాడు చూడు. దాని వెనుక చెమ్మ కనిపిస్తే పెయింటరు ఇంకా ఆగవలసిందే.

ఆ గోడకు ఆనించిన బీరువాను బెత్తెడు ముందుకు జరిపి, వెనుక చెక్కను కూడా తుడిపించు. పట్టుచీరలు తీసి నీడన ఆరవేయి. అద్దె ఇల్లు కనుక, ఏదీ తుడవకముందే ఫోటోలు తీసి ఇంటి యజమానికి పంపి, డ్రెయిన్ పైపు పని ఎవరి ఖర్చో తేల్చుకో.

మీ పెదనాన్న