ఒక్క మెతుకు పట్టి చూస్తే సరిపోదమ్మా

చి. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు విశాఖ ద్వారకా బస్టాండులో ఉన్నాను, ఆ రొదలో సగం వినపడలేదు. ఉబ్బసం వాళ్ల ఊపిరితిత్తుల్లోంచి రక్షణ కణాలు తీసి, ఒక్కోదాంట్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడిగా చదవబోతున్నావని మాత్రం అర్థమైంది. సంతోషం. అయితే నువ్వు అడిగిందంతా కంప్యూటర్ గురించే. ఆ పని పాడయ్యేది చాలావరకు అంతకుముందేనమ్మా.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఇక్కడ ఆ సామెత చెల్లదు, ఒక్కో మెతుకుదీ ఒక్కో ఉడుకు. 2018లో శ్వాసనాళం పొరలో అయానోసైట్ అనే కణం బయటపడింది చూడు, అది నూటికి ఒకటి కూడా ఉండదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో ముడిపడిన సీఎఫ్‌టీఆర్ జన్యువు అందులోనే జోరుగా పనిచేస్తోంది. కణాలన్నీ కలిపి రుబ్బి కొలిచినంతకాలం అది సగటులో కలిసిపోయింది.

ఇక శాంపిల్ సంగతి. బ్రాంకోస్కోపీ (శ్వాసనాళంలోకి గొట్టం దించి చూసే పరీక్ష) గదికి ముందురోజే వెళ్లి సిస్టర్‌తో మాట్లాడుకో. ఊపిరితిత్తిని కడిగి తీసిన సెలైన్ ఎవరి చేతికి వస్తుంది, ఐస్ బాక్స్ ఎక్కడ ఉంటుంది, అన్నీ. పెదవాల్తేరు ఆసుపత్రి నుంచి ల్యాబుకి ఎంత దూరమని నవ్వకు, మే నెలలో మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటే తెలుస్తుంది. మిషన్ ఒక్కో కణాన్నీ ఒక్కో చిన్న బొట్టులో పెట్టి, అందులోని ఆర్‌ఎన్‌ఏ (పనిచేస్తున్న జన్యువు నకలు) చదువుతుంది. చచ్చిన కణాల్లోంచి ఆ ఆర్‌ఎన్‌ఏ కారి ప్రతి బొట్టులోకీ దూరుతుంది. ఫిషింగ్ హార్బర్ ఆటో ఎక్కితే చేప కొనకపోయినా చీరకి నీచువాసన పట్టినట్టే, మాక్రోఫేజ్ అనే ఒక రకం రక్షణ కణం జన్యువులు, టీ కణం అనే ఇంకో రకంలో కనబడతాయి. చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి చూడు. నూటికి ఎనభై బతికి లేకపోతే మిషన్‌లో పెట్టకు. కిట్ ఖరీదు లక్షల్లో ఉంటుంది, మొహమాటపడి పెట్టి తర్వాత ఏడవడం ఎందుకు? కణజాలం ముక్కని ఎంజైముతో 37 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు విడదీస్తే కణాలు బెదిరి ఫాస్, జున్ జన్యువులు లేపుతాయి. అది నువ్వు పెట్టిన హింస, జబ్బు లక్షణం అనుకునేవు.

ఇంకోటి. ఇయోసినోఫిల్స్, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఈ పద్ధతికి అంత సులువుగా చిక్కవు. వాటిలో ఆర్‌ఎన్‌ఏ తక్కువ, దాన్ని కొరికే ఎంజైములు ఎక్కువ, ఫ్రీజ్ చేసి కరిగిస్తే బతకవు. ఉబ్బసంలో మనం వెతికేదేమో వాటినే! నీ బొమ్మలో కనబడలేదని 'లేవు' అని రాసేయకు. అదే శాంపిల్‌తో స్లైడు చేసి, రంగు వేసి, కళ్లతో లెక్కపెట్టు.

ఆ కణాలు ఎవరివో కూడా తెలుసుకోవాలి. ఇన్‌హేలర్ స్టెరాయిడ్ ఎన్నాళ్ల నుంచి, చివరి పఫ్ ఎప్పుడు? అలవాట్లు ఉన్నాయా అంటే మన వైపు పెద్దాడవాళ్లు 'ఏం లేవు బాబూ' అంటారు. నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగే అడ్డపొగ వాళ్ల లెక్కలో అలవాటే కాదు, అది అన్నం తిన్నంత మామూలు. చుట్ట పేరు చెప్పి అడుగు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఇయోసినోఫిల్స్ మైక్రోలీటరుకి మూడువేలు దాటాయంటే ఉబ్బసం అని రాసుకునేముందు ఆగు. మన కోస్తాలో బోదకాలు పురుగు వల్ల వచ్చే ట్రాపికల్ ఇయోసినోఫీలియా అచ్చం అలాగే ఉంటుంది. దానికి వాడే డీఈసీ మందు 1940ల్లో అమెరికాలో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలోనే బయటపడింది. అలాంటి రోగి ఒక్కడు నీ ఉబ్బసం గుంపులో దూరినా లెక్కంతా తారుమారు. క్షయ పరీక్ష ఫలితం రానిదే ఏ శాంపిల్ మూతా తీయకు, ఇందులో వాదన లేదు.

పది మంది నుంచి లక్ష కణాలు చదివినా నీ దగ్గరున్నది పది మందే. లక్ష అనుకుని లెక్క కడితే ప్రతి తేడా గొప్పగానే కనిపిస్తుంది. ఒక్కో మనిషి కణాల లెక్కల్ని విడివిడిగా కూడి, ఆ తర్వాత మనుషుల్ని పోల్చు. ఉబ్బసం వాళ్లని సోమవారం, ఆరోగ్యవంతుల్ని శుక్రవారం చేశావంటే నువ్వు కనిపెట్టేది శుక్రవారాన్నే. ఏది ఏ రకం కణమో పేర్లు పెట్టడానికి 2023లో వచ్చిన ఊపిరితిత్తుల కణపటం (సెల్ అట్లాస్) ఉంది, 486 మంది, 24 లక్షల కణాలు. వాడుకో, కానీ అందులో ఐరోపా మూలాల వాళ్లే ఎక్కువని గుర్తుంచుకో.

2014 హుద్‌హుద్ తుపానుకి నేను పనిచేసే చోట కరెంటు పోయి, జనరేటర్ డీజిల్ అయిపోయి, మూడేళ్ల శాంపిళ్లు నీళ్లయ్యాయి. ఎవరూ తిట్టుకోలేదు, తిట్టుకునే ఓపిక కూడా లేదు. అందుకే ప్రతి శాంపిల్‌నీ రెండు ట్యూబులు చేసి రెండు భవనాల్లో దాచు, ఒకటి ద్రవ నత్రజనిలో. ఆ రిజిస్టరు కాగితం మీద కూడా ఉండాలి.

ఆదివారం వస్తే నా పాత కౌంటింగ్ చాంబర్, లీష్‌మాన్ రంగు సీసా ఇస్తాను. అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంటోంది, మధ్యాహ్నానికల్లా వచ్చెయ్.

మీ మావయ్య