డీఎన్‌డీ పెట్టినా ఫోన్లు ఆగవు, ఎందుకంటే మీరు 'తర్వాత చేయండి' అంటున్నారు

మీ ప్రశ్న ఇదీ: "డీఎన్‌డీ (ప్రచార కాల్స్ వద్దనే నమోదు) ఎప్పుడో పెట్టాను. అయినా లోన్ కావాలా, క్రెడిట్ కార్డు కావాలా, ప్లాట్ కొంటారా అని రోజుకు ఐదారు ఫోన్లు. నంబర్లు బ్లాక్ చేసీ చేసీ విసుగొచ్చింది. పూర్తిగా ఆపే దారి ఉందా?"

పూర్తిగా ఆపే దారి లేదు. బాగా తగ్గించే దారి ఉంది. అది మాత్రం ఫోన్‌లో ఉన్న బ్లాక్ బటన్ కాదు.

బ్లాక్ చేయడం చీమల బారులో ఒక చీమను నలపడం లాంటిది. ఆఫీసులకిచ్చే పీఆర్ఐ లైను ఒక్కటి తీసుకుంటే ఒకేసారి ముప్ఫై కాల్స్ నడుస్తాయి. దాని వెనక వరసగా ఎన్నో నంబర్లు ఉంటాయి. మీరు చివర 41 ఉన్న నంబరు బ్లాక్ చేస్తే రేపు 42 నుంచి మోగుతుంది. నంబర్ల మీద కోపం తీర్చుకోవడానికి తప్ప ఆ బ్లాక్ లిస్టు దేనికీ పనికిరాదు.

మరి డీఎన్‌డీ ఏం చేస్తుంది? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల కింద నమోదైన టెలిమార్కెటర్లను ఆపుతుంది, అంతవరకే. వాళ్ళు పంపే ప్రచారం మీ ఎంపికతో సరిపోల్చాకే బయటికి పోవాలన్నది 2018 నిబంధన. మామూలు పదంకెల సిమ్ములు నాలుగు కొని, ఒక గదిలో కూర్చుని ఫోన్లు చేసేవాడు ఏ లిస్టుతోనూ సరిపోల్చడు. అంటే పూర్తి డీఎన్‌డీ ఉన్న నంబరుకు వచ్చే అమ్మకపు కాల్ రెండు రకాలే: నిబంధన మీరినది, లేదా ఎక్కడో మీరే టిక్కు పెట్టి రమ్మన్నది. ఈ తేడా తేలడమే డీఎన్‌డీ వల్ల అసలు లాభం. పెట్టుకోని వాళ్ళు ఇంగ్లీషులో స్టార్ట్ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, సున్నా వేసి 1909కి ఎస్సెమ్మెస్ పంపండి. ఆ నంబరుకే ఫోన్ చేసి కూడా పెట్టుకోవచ్చు. సున్నా అంటే అన్ని రకాల ప్రచారమూ వద్దని. బ్యాంకు ఓటీపీలు, లావాదేవీల సమాచారం దీనివల్ల ఆగవు, భయం వద్దు.

ఇప్పుడు ఒక కాల్‌ను అవతలి వైపు నుంచి చూడండి. మీరు ఎత్తుతారు, "హలో" అంటారు. రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం. ఆ తర్వాత టక్కుమని చిన్న శబ్దం, వెనకాల పదిమంది మాట్లాడుతున్న రొద, అప్పుడు "గుడ్ మార్నింగ్ సర్". ఆ నిశ్శబ్దంలో జరిగేది ఇది. మీకు ఫోన్ చేసింది మనిషి కాదు, డయలర్ అనే సాఫ్ట్‌వేర్. చాలామంది ఎత్తరని దానికి తెలుసు కాబట్టి, ఖాళీగా ఉన్న ఏజెంట్ల కంటే ఎక్కువ నంబర్లకు ఒకేసారి కొడుతుంది. మీరు "హలో" అన్నాకే ఎవరు ఖాళీగా ఉన్నారో వెతికి వాళ్ళ హెడ్‌సెట్‌లో మిమ్మల్ని పడేస్తుంది. ఎవరూ దొరక్కపోతే కాల్ దానంతటదే కట్టయిపోతుంది. ఎత్తగానే ఏమీ వినపడకుండా పెట్టేసే ఆ ఫోన్లలో చాలావరకు ఇవే. కొన్ని డయలర్లు అవతల మనిషా, రికార్డింగా అన్నది మీ "హలో"ను బట్టే పోల్చుకుంటాయి. అందుకే తెలియని నంబరు ఎత్తితే ముందు మీరు మాట్లాడకండి. నిజంగా మీతో పనున్న మనిషి రెండు సెకన్లలో వాళ్ళే "హలో" అంటారు.

ఏజెంటు తెర మీద మీ పేరు, నంబరు, ఒక స్క్రిప్టు ఉంటాయి. కాల్ ముగిశాక ఒక పెట్టెలోంచి ఏదో ఒకటి ఎంచుకుంటేగానీ తర్వాతి కాల్ రాదు. దాన్ని డిస్పోజిషన్ అంటారు. అందులో ఉండేవి దాదాపుగా ఇవి: ఎత్తలేదు (వాళ్ళ భాషలో ఆర్ఎన్ఆర్), ఆసక్తి లేదు, మళ్ళీ చేయమన్నారు, ఆసక్తి ఉంది, రాంగ్ నంబర్, ఇక చేయొద్దన్నారు (డీఎన్‌సీ, అంటే 'డు నాట్ కాల్').

మనవాళ్ళు మొహమాటంతో బోల్తా పడేది ఇక్కడే. "ఇప్పుడు మీటింగ్‌లో ఉన్నానండీ, తర్వాత చేయండి" అంటారు. వదిలించుకోవడానికి మర్యాదగా అన్న మాట అది, మనకు తెలుసు. తెర మీద మాత్రం "మళ్ళీ చేయమన్నారు" అని పడుతుంది, పక్కన తేదీ, సమయం కూడా. సాయంత్రం నాలుగింటికి డయలర్ మర్చిపోకుండా మళ్ళీ కొడుతుంది. ఎత్తకపోయినా అంతే: ఆర్ఎన్ఆర్ పడిన నంబరును వేరే పూటకు మళ్ళీ వరసలో పెడతారు. కోపంతో అరిచినా లాభం లేదు, ఆ పెట్టెలో "అరిచారు" అనే గడి ఉండదు. "ఆసక్తి లేదు" అని నొక్కి మళ్ళీ నెల కొత్త ఆఫర్‌తో అదే లిస్టు తిప్పుతారు. అన్నట్టు, ఆ ఏజెంటును బూతులు తిట్టడం దండగే కాదు, అన్యాయం కూడా. మీ నంబరు కొన్నది వాళ్ళు కాదు, రోజుకు ఇన్ని కాల్స్ అని టార్గెట్ పెట్టిందీ వాళ్ళు కాదు.

అనాల్సిన మాటలు రెండే. మొదటిది: "ఏ కంపెనీ తరఫున చేస్తున్నారు? పూర్తి పేరు చెప్పండి." రెండోది: "నా నంబరు డీఎన్‌సీలో వెయ్యండి." ఆ డీఎన్‌సీ అనే మూడక్షరాలు ముఖ్యం, అవి వాళ్ళ తెర మీద ఉన్న గడి పేరే. తర్వాత పెట్టేయండి. "మా మేనేజర్‌తో ఒక్క నిమిషం" అంటే ఆగకండి. ఒకే బ్యాంకుకు నాలుగు ఏజెన్సీలు పనిచేస్తుంటాయి, ఒకరి దగ్గర పేరు తీసేస్తే మిగతా ముగ్గురికి తెలియదు. అందుకే చాలా బ్యాంకులు తమ వెబ్‌సైట్‌లో విడిగా 'డు నాట్ కాల్' నమోదు పేజీ పెడతాయి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకాలి. దాచిపెట్టినట్టు ఎందుకు పెడతారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఫిర్యాదు. "చేశాను, ఏమీ కాలేదు" అనేవాళ్ళలో చాలామంది ఫిర్యాదు తప్పుగా చేసినవాళ్ళే అని నా గట్టి నమ్మకం.

కాల్ వచ్చిన 7 రోజుల్లోపు చేయాలి. అంతకుముందు 3 రోజులే ఉండేది, 2025 ఫిబ్రవరిలో సవరించారు. డీఎన్‌డీ పెట్టుకోని వాళ్ళు కూడా నమోదుకాని నంబర్ల మీద ఫిర్యాదు చేయొచ్చని అప్పుడే మార్చారు. 1909కి పంపే ఎస్సెమ్మెస్‌లో ఎవరు, దేని గురించి చేశారో ఒక ముక్క, కామా, కాల్ వచ్చిన నంబరు, కామా, తేదీ. అంతే. పర్సనల్ లోన్ కాల్, ఆ పదంకెలు, 14/06/25 అన్నట్టు. డబ్బులేమీ పడవు. ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లోనైతే కాల్ లాగ్‌లోంచే ఎంచుకోవచ్చు, అంకెలు తప్పుపోయే బాధ ఉండదు.

ఎక్కువగా దెబ్బతినేది రెండు సిమ్ముల ఫోన్‌తో. కాల్ వచ్చింది రెండో సిమ్ముకు. ఎస్సెమ్మెస్ పోయింది డిఫాల్ట్‌గా ఉన్న మొదటి సిమ్ము నుంచి. ఆపరేటరు మీ కాల్ రికార్డు తీసి చూస్తే ఆ రోజు ఆ నంబరు నుంచి మీకు ఏ కాలూ లేదు. ఫిర్యాదు చెల్లదని మూసేస్తారు, వాళ్ళ తప్పు కూడా లేదు. కాల్ లాగ్‌లో నంబరు పక్కన 1 అనో 2 అనో చిన్న గుర్తు ఉంటుంది, చూసుకుని ఆ సిమ్ము నుంచే పంపండి. తేదీ కూడా అంతే: ఫిర్యాదు చేసే రోజు కాదు, కాల్ వచ్చిన రోజు వెయ్యాలి. నంబరు ముందు సున్నాలు, ప్లస్ 91లు వద్దు.

సరిగ్గా పంపితే ఫిర్యాదు మీ ఆపరేటరు నుంచి ఆ సిమ్ము ఏ ఆపరేటరుదో వాళ్ళకు వెళ్తుంది. నమోదుకాని వాళ్ళ మీద చర్యకు గడువు ఇప్పుడు 5 రోజులు, ఇదివరకు 30 ఉండేది. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు పడితే ఆ పంపేవాడి మీద కదలాలి, ఇదివరకు వారంలో పది పడాల్సి వచ్చేది. మీ ఒక్క ఎస్సెమ్మెస్‌తో ఏమవుతుంది అనుకోకండి, అది ఐదోది కావచ్చు. మొదటిసారి తేలితే 15 రోజులు అవుట్‌గోయింగ్ కట్. మళ్ళీ చేస్తే అతని పేరున ఉన్న కనెక్షన్లన్నీ, అన్ని ఆపరేటర్ల దగ్గరా, ఏడాది పాటు తీసేస్తారు. బ్లాక్ బటన్ మీ ఒక్క ఫోన్‌నే కాపాడుతుంది, ఇది వాడి లైనే తీసేస్తుంది.

140తో మొదలయ్యేది నమోదైన ప్రచార కాల్. 1600తో మొదలయ్యేది బ్యాంకులూ ప్రభుత్వ సంస్థలూ సేవల కోసం చేసేది, దాన్ని బ్లాక్ చేయకండి, కార్డు మోసం గురించి హెచ్చరించే కాల్ కూడా కావచ్చు. ఎస్సెమ్మెస్‌లో పంపినవారి పేరు చివర గీత పెట్టి ఇంగ్లీషు పీ అక్షరం ఉంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం.

మీరే టిక్కు పెట్టిన సంగతి చెప్పకపోతే ఇదంతా సగమే. "ఉచితంగా క్రెడిట్ స్కోరు చూసుకోండి", "ఇన్సూరెన్సు ధరలు పోల్చుకోండి", "ఈ వెంచర్ వివరాలు కావాలి" అన్న ఫారాల్లో చాలావాటి కింద ముందే టిక్కు పెట్టిన ఒక గడి ఉంటుంది, డీఎన్‌డీ ఉన్నా మాకు ఫోన్ చేయొచ్చు అని. ఆ టిక్కు డీఎన్‌డీని దాటేస్తుంది. నడుస్తున్న లావాదేవీ కోసం ఇచ్చిన సమ్మతి 7 రోజులకు మించి చెల్లదని, ఒకసారి వద్దన్నాక 90 రోజుల దాకా మళ్ళీ అడగకూడదని కొత్త సవరణలో ఉంది. వాళ్ళకు ఈ అంకెలు చెబితే గొంతు మారుతుంది, ప్రయత్నించి చూడండి.

ఫోన్ సెట్టింగుల గురించి రెండు మాటలు. ఆండ్రాయిడ్‌లో బ్లాక్ చేసిన నంబర్ల దగ్గర 'అన్‌నోన్' అనే మీట ఉంటుంది. అది మీ కాంటాక్టుల్లో లేని నంబర్లను ఆపదు, నంబరే కనిపించకుండా వచ్చేవాటిని ఆపుతుంది. దాన్ని ఆన్ చేసి "ఇంకా వస్తున్నాయి" అని వాపోయేవాళ్ళు ఎందరో. ఐఫోన్‌లో తెలియని కాల్స్‌ను మౌనంగా ఉంచే మీట గట్టిది, మోగనే మోగదు. కానీ ఆసుపత్రి నుంచో పిల్లల స్కూలు నుంచో కొత్త నంబరుతో చేస్తే అదీ మోగదు. ఆరోగ్యం బాగాలేని వాళ్ళు ఇంట్లో ఉంటే పెట్టకండి. వాట్సాప్ కాల్స్‌కు 1909 పనిచేయదు. అందులో ప్రైవసీ కింద కాల్స్ దగ్గర విడిగా ఒక మీట ఉంది.

పోలీసులమనో, కేవైసీ ఆగిపోయిందనో, పార్శిల్ పట్టుబడిందనో వచ్చేవి అమ్మకపు కాల్స్ కావు. వాటిని ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఉన్న చక్షు అనే ఫిర్యాదు విభాగంలో పెట్టండి, వాట్సాప్‌లో వచ్చినవి కూడా అక్కడ తీసుకుంటారు. డబ్బు పోయుంటే చక్షు కాదు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లకు ఇదంతా మీరే విడిగా చేయాలి, డీఎన్‌డీ ఒక్కో నంబరుకు ఒక్కోసారి పెట్టాల్సిందే. వాళ్ళు డీఎన్‌సీ అనరు. "ఏ ఊరమ్మా మీది, అన్నం తిన్నావా" అని అడుగుతారు, ఆ పెట్టెలో "ఆసక్తి ఉంది" మీద నొక్కు పడుతుంది. వారానికోసారి వాళ్ళ కాల్ లాగ్ తెరిచి, 7 రోజులు దాటని నంబర్లను వాళ్ళ ఫోన్‌లోంచే, సిమ్ము చూసుకుని, 1909కి పంపేయండి.