అమ్మమంటే కొన్నారు: ఆ నష్టం ఎవరు భరించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: గాజువాకలో ఉండే మీ మామయ్యగారు బ్రోకర్ బ్రాంచికి ఫోను చేసి 300 షేర్లు అమ్మమన్నారు. డీలర్ (ఖాతాదారుల ఆర్డర్లు కంప్యూటరులో ఎక్కించే ఉద్యోగి) పొరపాటున మరో 300 కొన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత గానీ ఆయన ఖాతా చూసుకోలేదు, ఈలోగా ధర పడింది. కాంట్రాక్ట్ నోట్ (ఏం కొన్నారో, ఏం అమ్మారో చెబుతూ బ్రోకర్ పంపే పత్రం) అందిన 24 గంటల్లో అభ్యంతరం చెప్పలేదు కాబట్టి తమకేమీ సంబంధం లేదని బ్రాంచివారు అంటున్నారు.

సంబంధం ఉంది. ఎంత రాబట్టగలరు అన్నదే తేలాలి. నేను వకీలును కాను. ద్వారకానగర్‌లో ఒక బ్రోకర్ బ్రాంచిలో ఆరేళ్లు టెర్మినల్ ముందు కూర్చున్న డీలర్‌ను. పైగా సరిగ్గా ఇదే తప్పు చేసినదాన్ని.

మా టెర్మినల్‌లో ఎఫ్1 నొక్కితే కొనుగోలు, ఎఫ్2 నొక్కితే అమ్మకం. పక్కపక్క మీటలు. 2019లో ఒక ఉదయం, షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఫోను చేసి "అమ్మాయీ, ఆ 500 షేర్లూ అమ్మేయమ్మా" అన్నారు. "అమ్మకం, 500, మార్కెట్ రేటు" అని పైకి చదివింది నేనే, ఎఫ్1 నొక్కిందీ నేనే. ఖాతాలో డబ్బు ఉండటంతో ఆర్డరు ఆగలేదు. 212 రూపాయల చొప్పున మరో 500 షేర్లు ఆయన నెత్తిన పడ్డాయి.

మార్కెట్ ముగిసిన కాసేపట్లో నేను గమనించి ఉంటే ఆ ట్రేడు కంపెనీ ఎర్రర్ ఖాతాలోకి, అంటే పొరపాటు ట్రేడులను కంపెనీయే తన మీద వేసుకునే ఖాతాలోకి, పోయేది. గమనించలేదు. రాత్రి ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన సందేశం చూసి ఆయనే ఫోను చేశారు. మేనేజరు నా పక్కన నిలబడి, "మంచి షేరే, రేపు పెరుగుతుంది, ఉంచుకోమని చెప్పు" అన్నాడు. చెప్పాను కూడా. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. పెద్దాయన అంతా విని, మర్నాడు పది కాకముందే తెల్లకాగితం మీద రాసిన ఫిర్యాదు రెండు ప్రతులతో వచ్చారు. రెండో ప్రతి మీద బ్రాంచి ముద్ర వేయించుకుని గానీ కుర్చీలోంచి లేవలేదు.

ఆ కాగితం విలువ నాకు తర్వాత తెలిసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం లెక్కన బ్రోకర్ మీ ఏజెంటు. మీరు చెప్పినదానికి విరుద్ధంగా చేస్తే నష్టం పూడ్చాలి. కానీ మీకు తెలియకుండా చేసిన పనిని, తెలిశాక మీరు ఒప్పుకుంటే అది మీ పనే అవుతుంది. లాభం వస్తే నాది, నష్టం వస్తే నీది అనడం కుదరదు. "ఉంచుకోండి" అన్న మా సలహా ఆ ఒప్పుదలను రాబట్టడానికే.

హెడ్ ఆఫీసు రికార్డింగు విన్నది. అందులో నా గొంతే నాకు ఎదురు సాక్ష్యం. అప్పటికి ధర 204. ఆయన చేతిలో ఒక్కటీ మిగలకూడని చోట వెయ్యి ఉన్నాయి కాబట్టి షేరుకు 8 రూపాయల చొప్పున 8 వేలు, పైన అనవసరంగా పడిన బ్రోకరేజీ, పన్నులు ఇచ్చారు. ఈ గొడవలో కూతురి స్థలం రిజిస్ట్రేషన్ ఆలస్యమై అడ్వాన్సు పోయిందని అదీ అడిగారు. అది ఇవ్వలేదు. తప్పు వల్ల నేరుగా వచ్చిన నష్టానికే చట్టం పరిహారం ఇస్తుంది, దూరపు నష్టాలకు కాదు.

ఇక మీ 24 గంటల సంగతి. ఆ గడువు ఉన్నది బ్రోకర్‌కు: ట్రేడు జరిగిన 24 గంటల్లో కాంట్రాక్ట్ నోట్ పంపాలి. ఖాతా తెరిచిన కాగితాల్లో ఖాతాదారుకూ అలాంటి షరతు పెట్టుకుని ఉండవచ్చు, అయినా లేని ఆర్డరును ఆ షరతు పుట్టించలేదు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2018 మార్చి 22న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఖాతాదారు ఆర్డరు ఇచ్చినట్టు ఆధారం బ్రోకర్ దగ్గర ఉండాలి: సంతకం చేసిన కాగితమో, ఫోను రికార్డింగో, ఈమెయిలో, ఎస్సెమ్మెస్సో. వివాదం వస్తే రుజువు చేసే భారం బ్రోకర్‌దే. వేలు జారిన ఖరీదు బ్రోకర్లు కట్టుకోవడం కొత్తేమీ కాదు. 2012 అక్టోబరు 5న ముంబైలో ఒక బ్రోకర్ సంస్థ తప్పుడు ఆర్డర్లతో నిఫ్టీ సూచీ నిమిషాల్లో 15 శాతానికి పైగా పడినప్పుడు, ఆ నష్టం సంస్థ మీదే పడింది.

అలాగని మీ కేసులో తొమ్మిది రోజుల మౌనం చిన్న విషయం కాదు. దాన్నే ఒప్పుదలగా చూపిస్తారు. సందేశాలు చూడలేదన్న మాట ఒక్కటే చాలకపోవచ్చు. కాబట్టి ఈ రాత్రికే కాంట్రాక్ట్ నోట్ మీద ఉన్న ఫిర్యాదుల ఈమెయిలుకు రాయించండి: ఆ కొనుగోలు తాను చెప్పింది కాదని, ఆ రోజు కాల్ రికార్డింగు భద్రపరచమని, నష్టం పెరగకుండా ఆ షేర్లు అమ్మేస్తున్నా హక్కు వదులుకోవడం లేదని. ముందు రాయాలి, తర్వాతే అమ్మాలి. తెలిశాక కూడా పట్టుకుని కూర్చుంటే అక్కడినుంచి పడిన ధర మీ లెక్కలోకే వస్తుంది. జవాబు నచ్చకపోతే సెబీ వారి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, అందుకు ఏడాది గడువు ఉంది. అక్కడా తేలకపోతే స్మార్ట్ ఓడీఆర్ అనే ఆన్‌లైన్ వివాద పరిష్కార వేదికలో రాజీ ప్రయత్నం, ఆపైన ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి తీర్పు.

ఒక్కటి మాత్రం మామయ్యగారిని అడగండి: ఫోను బ్రాంచి లైనుకు చేశారా, డీలర్ సొంత సెల్‌కా? రికార్డయ్యేది బ్రాంచి లైనే. సొంత సెల్‌కు చేసి ఉంటే కొనమన్నారని వాళ్లు నిరూపించలేరు, అమ్మమన్నానని ఈయనా నిరూపించలేరు. అప్పుడు అదనంగా కొన్న 300 షేర్ల నష్టం వరకు గట్టిగా నిలబడవచ్చు. అమ్ముడుపోని పాత 300 సంగతి కష్టమే.