మోకాళ్ల నొప్పులుంటే వ్యాయామం చేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 52 ఏళ్లు. రెండేళ్లుగా మోకాళ్లు, నడుము నొప్పులతో బాధపడుతున్నాను. ఈమధ్య భుజాలు కూడా పట్టేస్తున్నాయి. ఎక్స్‌రే తీసి మోకాళ్లలో గుజ్జు కొంచెం అరిగిందన్నారు. అప్పటి నుంచి మెట్లెక్కడం, బరువులెత్తడం మానేశాను. అయినా నొప్పులు తగ్గలేదు సరికదా, కుర్చీలోంచి లేవాలన్నా చేతులు ఆనించాల్సి వస్తోంది. బలం పెరిగే వ్యాయామాలు మంచివని విన్నాను కానీ, చేస్తే మోకాళ్లు ఇంకా అరిగిపోతాయేమోనని భయం. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు

సలహా: కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించాల్సి వస్తోందంటే మీ తొడల, పిరుదుల కండరాలు బాగా బలహీనపడి ఉండొచ్చు. మోకాళ్లను కాచేది ఆ కండరాలే. నొప్పి అని కదలిక తగ్గించేకొద్దీ అవి నీరసిస్తాయి, భారం కీళ్ల మీద పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. అసలే 30 ఏళ్లు దాటాక కండరాలు పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతూ వస్తాయి. పూర్తి విశ్రాంతి తీసుకుంటే ఆ నష్టం మరింత పెరుగుతుంది.

అరిగిపోతాయన్న భయం చాలామందిలో ఉంటుంది. కానీ మీరు గుజ్జు అంటున్న మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు. కీలు మీద భారం పడుతూ, తగ్గుతూ ఉంటేనే అందులోని ద్రవం నుంచి దానికి పోషకాలు అందుతాయి. కాబట్టి తగుమాత్రం వ్యాయామంతో మోకాళ్లు అరగవు. ఎక్స్‌రేలో అరుగుదల బాగా కనిపిస్తున్నా హాయిగా నడిచేవాళ్లు ఎందరో ఉన్నారు.

మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి. ఒళ్లంతా నొప్పులుంటే థైరాయిడ్, విటమిన్ డి, రక్తహీనత పరీక్షలు అవసరం కావచ్చు. చెయ్యి పైకి లేవనంతగా భుజం పట్టేస్తే షుగర్ కూడా చూడాలి. కీళ్లు వాచి వేడిగా ఉన్నా, పొద్దున లేచాక అరగంటకు మించి బిగుసుకుపోయి ఉన్నా, జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు వాటి సంగతి తేల్చుకోవాలి. నడుము నొప్పితో పాటు కాళ్లు చచ్చుబడినట్లున్నా, మూత్రం మీద పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవేవీ లేకపోతే కుర్చీతోనే మొదలుపెట్టండి. కుర్చీని గోడకు ఆనించి, దిండు వేసి ఎత్తు పెంచుకోండి. పాదాలు కొంచెం వెనక్కి పెట్టి, ముందుకు వంగి, మడమలతో నేలను నొక్కుతూ లేవండి. మోకాళ్లు లోపలికి వాలకూడదు. కూర్చునేటప్పుడు ధబీమని కూలబడకుండా, మనసులో మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి. కండరానికి అసలు పని అక్కడే పడుతుంది. ఊపిరి బిగబట్టొద్దు. మొదట్లో చేతుల సాయం తీసుకున్నా ఫర్వాలేదు. 8 నుంచి 10 సార్లు చొప్పున రెండు విడతలు, రోజు విడిచి రోజు చేయండి. తేలికైపోయాక దిండు తీసేయండి, ఆ తర్వాత చేతిలో చిన్న బరువు పట్టుకోండి. నడుముకు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం, భుజాలకు గోడను నెట్టే పుషప్స్ చాలు. మెట్లు పూర్తిగా మానేయకండి, ఒక్క మెట్టు ఎక్కి దిగడం నుంచి మళ్లీ అలవాటు చేసుకోండి.

కొత్తలో కాస్త నొప్పి ఉంటుంది, కంగారు పడకండి. నొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకుంటే అది నాలుగైదు లోపు ఉండి, మర్నాటికి మామూలైపోతే కొనసాగించవచ్చు. అంతకు మించితే పూర్తిగా ఆపకుండా సగానికి తగ్గించండి. లేవడం, కూర్చోవడం నెలలోపే కొంత సులువవుతుంది. నొప్పి తగ్గినట్టు తెలియడానికి మాత్రం రెండు మూడు నెలలు పట్టొచ్చు, చాలామంది ఈలోపే విసిగి వదిలేస్తారు. మీరు అలా చేయకండి. బరువు ఎక్కువగా ఉంటే కొంచెం తగ్గినా మోకాళ్లకు ఎంతో ఊరట. పెయిన్‌ కిల్లర్లు మాత్రం సొంతంగా రోజుల తరబడి వాడొద్దు, కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. మూడు నెలలు చేసినా మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్టును కలిసి, మీరు చేస్తున్న తీరు చూపించండి.