మీ ప్రశ్నలు – మా జవాబులు: యూఎస్‌బీ ప్రింటర్ ఇంటిల్లిపాదికీ

ప్రశ్న: మా లేజర్ ప్రింటర్‌కు వైఫై లేదు, యూఎస్‌బీ కేబులే దిక్కు. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో దాన్ని నెట్‌వర్క్ ప్రింటర్‌గా మార్చుకోవచ్చంటున్నారు. ఇంట్లో రెండు విండోస్ ల్యాప్‌టాప్‌లు, ఒక ఐఫోన్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయి. ఏమేం కొనాలి? ఎలా చేయాలి?

జవాబు: బోర్డు కొనే ముందు ప్రింటర్ సంగతి తేల్చుకోండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. రాస్ప్‌బెర్రీ పైలో (ఇక నుంచి 'పై' అంటే ఈ బోర్డే) ఉండేది ఏఆర్ఎం రకం ప్రాసెసర్. ప్రింటర్ కంపెనీలు లినక్స్ కోసం ఇచ్చే డ్రైవర్లు ఎక్కువగా ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కోసం తయారైనవి. అవి పై బోర్డు మీద నడవవు. కెనాన్ ఎల్‌బీపీ 2900 సంగతే చూడండి. కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇచ్చింది, కానీ పై బోర్డుకు పనికిరాదు. ఔత్సాహికులు రాసిన డ్రైవర్ ఒకటుంది గానీ, దాన్ని సోర్స్ కోడ్ నుంచి మనమే కంపైల్ చేసుకోవాలి, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవారికి అది తలనొప్పే.

మిగతావారికి అంత కష్టం ఉండదు. చాలా బ్రదర్ లేజర్‌లకు బీఆర్‌లేజర్, పాత శామ్‌సంగ్‌లకు స్ప్లిక్స్, ఎప్సన్, కెనాన్ ఇంక్‌జెట్‌లలో ఎన్నింటికో గుటెన్‌ప్రింట్, హెచ్‌పీకి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్లు ఉన్నాయి. ఇవన్నీ ఏఆర్ఎం మీద కూడా ఆప్ట్‌తో (లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ దించే ఆదేశం) నేరుగా దిగుతాయి. మీ మోడల్ నంబరు ఆ జాబితాల్లో ఉందో లేదో ముందే చూసుకోండి. ప్రింటర్‌కు పోస్ట్‌స్క్రిప్ట్ గానీ పీసీఎల్ గానీ (ప్రింటర్లకు పేజీని వివరించే ప్రామాణిక భాషలు) అర్థమైతే ఇంకేం దిగులు లేదు.

ఇక సామాన్లు. 16 జీబీ మెమరీ కార్డు, 5 వోల్టుల 2.5 ఆంపియర్ల అడాప్టర్, ప్రింటర్ కేబుల్‌ను బోర్డుకు కలిపే మైక్రో యూఎస్‌బీ ఓటీజీ కన్వర్టర్ చాలు. బోర్డు మీద ఒకేలా కనిపించే మైక్రో యూఎస్‌బీ పోర్టులు రెండుంటాయి. 'పీడబ్ల్యూఆర్' అని రాసి ఉన్నది కరెంటుకే. ప్రింటర్‌ను 'యూఎస్‌బీ' అని రాసి ఉన్న దానికే కలపాలి. ప్రింటర్ కనిపించడం లేదంటే ముందు చూడాల్సింది ఇదే.

రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ సాఫ్ట్‌వేర్‌తో మెమరీ కార్డు మీద 'రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్' ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాసేటప్పుడే బోర్డు పేరు, యూజర్, పాస్‌వర్డ్, వైఫై వివరాలు ఇచ్చి, ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి బోర్డుకు ఆదేశాలిచ్చే దారి) ఆన్ చేయండి. జీరో 2 డబ్ల్యూకు 5 గిగాహెర్ట్జ్ అందదు కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పేరే ఇవ్వండి. బోర్డు లేచాక ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి, ప్యాకేజీలు అప్‌డేట్ చేసి, ఆప్ట్‌తో కప్స్‌ను (ప్రింటర్‌ను నెట్‌వర్క్‌లో పంచే సాఫ్ట్‌వేర్), మీ ప్రింటర్ డ్రైవర్‌ను దించుకోండి. తర్వాత యూజర్‌మాడ్ ఆదేశంతో మీ యూజర్‌ను ప్రింటర్లను మార్చే అధికారమున్న ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో చేర్చండి. ఇది మరిచిపోతే ప్రింటర్ చేర్చబోయిన ప్రతిసారీ 'ఫర్బిడెన్' అని వస్తుంది.

కప్స్ మామూలుగా తన బోర్డు మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. కప్స్‌కంట్రోల్ ఆదేశంతో రిమోట్ అడ్మిన్, షేర్ ప్రింటర్స్ రెండింటినీ ఆన్ చేయాలి. చాలా గైడ్లలో 'రిమోట్ ఎనీ' కూడా ఇమ్మని ఉంటుంది. ఇంట్లో వాడకానికి దాని అవసరం లేదు, తలుపులు బార్లా తెరవడమే అవుతుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో బోర్డు పేరు, చుక్క, లోకల్, కోలన్, 631 కొట్టండి. సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది. అది కప్స్ తానే తయారుచేసుకున్న సర్టిఫికెట్ కాబట్టి దాటి వెళ్లొచ్చు. 'బ్యాడ్ రిక్వెస్ట్' అని వస్తే కప్స్ సెట్టింగులుండే కప్స్‌డీ కాన్ఫ్ ఫైల్‌లో సర్వర్‌అలియాస్ అని రాసి, పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, కప్స్‌ను రీస్టార్ట్ చేయండి. అడ్మినిస్ట్రేషన్ పేజీలో 'యాడ్ ప్రింటర్' నొక్కితే మీ ప్రింటర్ లోకల్ జాబితాలో కనిపించాలి. ఖాళీల్లేని పొట్టి పేరు పెట్టి, 'షేర్ దిస్ ప్రింటర్' దగ్గర టిక్ చేసి, డ్రైవర్ ఎంచుకోండి.

చివర్లో వచ్చే కాగితం సైజును తేలిగ్గా తీసుకోవద్దు. లెటర్ అని ఉంటే ఏ4కు మార్చండి. లెటర్ 216 × 279 మిల్లీమీటర్లు, ఏ4 210 × 297. ట్రేలో కాగితాలు నిండుగా ఉన్నా ప్రింటర్ లైటు మిణుకుమిణుకుమంటూ 'పేపర్ పెట్టు' అంటోందంటే, పదింట తొమ్మిదిసార్లు కారణం ఈ తేడాయే.

ఐఫోన్‌కు వేరే ఏమీ చేయక్కర్లేదు. బోర్డులో అవాహీ (నెట్‌వర్క్‌లో ప్రింటర్ ఉనికిని చాటే సేవ) నడుస్తుంటే ప్రింటర్ తానే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్ ఆన్‌లో ఉండాలి. విండోస్‌లో ప్రింటర్ దానంతటదే కనిపించకపోతే, మాన్యువల్‌గా చేర్చే చోట షేర్డ్ ప్రింటర్‌ను పేరుతో ఎంచుకుని, హెచ్‌టీటీపీ చిరునామాలో పోర్టు 631 తర్వాత ప్రింటర్స్ అని, ఆపైన ప్రింటర్‌కు పెట్టిన పేరు ఇవ్వండి. విండోస్‌తో ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే సాంబా సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లనవసరం లేదు.

ప్రశ్న: హెచ్‌పీ లేజర్‌జెట్ 1020ని పై బోర్డుకు కలిపాను. చక్కగా ప్రింట్ చేస్తుంది. కానీ ప్రింటర్ ఆపి మళ్లీ వేస్తే ఉలుకూపలుకూ ఉండదు. ప్రింటర్ పాడైందా?

జవాబు: పాడవలేదు. ఆ మోడల్‌కు ఫర్మ్‌వేర్‌ను (ప్రింటర్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) శాశ్వతంగా దాచుకునే చోటే లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ దాన్ని పంపాలి. మీ పై బోర్డు పంపడం లేదు. హెచ్‌పీలిప్ ఉంటే హెచ్‌పీ-ప్లగిన్ ఆదేశాన్ని ఇంటరాక్టివ్ పద్ధతిలో నడిపి కంపెనీ ప్లగిన్ దించుకోండి. అక్కడి నుంచి ప్రింటర్ ఆన్ కాగానే ఫర్మ్‌వేర్ వెళ్తుంది. ప్లగిన్, హెచ్‌పీలిప్ వెర్షన్లు ఒకటే అయి ఉండాలి. అందుకే పెద్ద అప్‌డేట్ తర్వాత ప్రింటర్ మళ్లీ మొండికేస్తే, ప్లగిన్ మళ్లీ వేస్తే సరి. ఇదే ప్రింటర్‌కు పనికొచ్చే ఫూటూజెడ్‌జేఎస్ డ్రైవర్‌ను కూడా వేసి ఉంటే తీసేయండి. రెండూ ఒకే ప్రింటర్ కోసం పోటీపడితే తగవు తెగదు.

ప్రశ్న: కొన్నాళ్లు బాగానే పనిచేసింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో 'ఆఫ్‌లైన్' అంటోంది. పై బోర్డును రీస్టార్ట్ చేసినా అంతే.

జవాబు: ముందు రూటర్ పేజీలో పై బోర్డు ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) చూసి, ఆ ఐపీతోనే కప్స్ 631 పేజీ తెరవండి. తెరుచుకుంటే నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టు. అక్కడ ప్రింటర్ 'పాజ్డ్' అని ఉందేమో చూడండి. కాగితం ఇరుక్కోవడం లాంటి ఒక్క పొరపాటుకే కప్స్ క్యూ మొత్తాన్ని ఆపేసి, రీస్టార్ట్ చేసినా ఆపే ఉంచుతుంది. 'రిజ్యూమ్' నొక్కండి. మళ్లీ ఆ బాధ లేకుండా డిఫాల్ట్ ఆప్షన్లలో, పాలసీల కింద ఎర్రర్ పాలసీని 'స్టాప్ ప్రింటర్' నుంచి 'రీట్రై జాబ్'కు మార్చండి.

ఐపీతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే పేరుతో పరికరాన్ని వెతికే మల్టీకాస్ట్ సందేశాలకు ఎక్కడో అడ్డుపడుతోంది. ఐపీ మారి ఉంటే రూటర్‌లో పై బోర్డుకు ఒకే ఐపీ రిజర్వ్ చేయండి. ఐపీతోనూ రాకపోతే ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. అక్కడున్న పరికరాలు ఇంటి నెట్‌వర్క్‌ను చేరలేవు. కనెక్షన్ వస్తూ పోతూ ఉంటే పై బోర్డు వైఫై పవర్ సేవ్‌ను ఆపి చూడండి.

ప్రశ్న: పాత పై జీరో డబ్ల్యూ వాడుతున్నాను. మామూలు ఉత్తరాలు సరే గానీ, రంగుల ఫొటో ఉన్న పీడీఎఫ్ ఇస్తే నిమిషాలు పడుతోంది.

జవాబు: ఏ4 కాగితాన్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) పరిస్తే సుమారు 3.5 కోట్ల చుక్కలు. నలుపు తెలుపులో చుక్కకు ఒక బిట్ లెక్కన 4 ఎంబీ పైచిలుకు. రంగుల్లో చుక్కకు మూడు బైట్లు కాబట్టి 100 ఎంబీ దాటుతుంది. మీ బోర్డుకు ఉన్నది ఒక్క కోర్, 512 ఎంబీ ర్యామ్. 300 డీపీఐకి తగ్గిస్తే పని నాలుగో వంతవుతుంది. ఫొటోలు తరచూ వేసేవారైతే నాలుగు కోర్ల జీరో 2 డబ్ల్యూకు మారడమే మేలు.

ప్రశ్న: బయట ఉన్నప్పుడు కూడా ప్రింట్ ఇవ్వడానికి రూటర్‌లో 631 పోర్టు తెరవచ్చా?

జవాబు: తెరవొద్దు. 2024 సెప్టెంబరులో బయటపడ్డ కప్స్ లోపాల్లో ఒకటి, కప్స్-బ్రౌజ్‌డ్ అనే సేవ 631 యూడీపీ పోర్టులో ఎవరు ఏది పంపినా నమ్మడమే. ఆ సేవ పని ఇతరుల ప్రింటర్లను వెతకడం. మీ ప్రింటర్‌ను పంచడానికి అదక్కర్లేదు, సిస్టమ్‌కంట్రోల్ ఆదేశంతో డిసేబుల్ చేసేయండి. బయటి నుంచి ప్రింట్ తప్పదంటే వైర్‌గార్డ్ వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌కు భద్రమైన దారి) పెట్టుకుని, దాని ద్వారా ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చి, ప్రింటర్‌ను ఐపీ చిరునామాతో చేర్చుకోండి. వీపీఎన్ మీదుగా ప్రింటర్ తానుగా కనిపించదు.